టోపీ తీసిన శనివారం

హేల్ క్రీక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఛాంపియన్ అయింది పదకొండు మంది కుర్రాళ్ళ కండబలం వల్ల అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ కప్పు గెలిచింది మా తాత. ఆయన బంతి ముట్టుకోలేదు. పరుగెత్తలేదు. మధ్యాహ్నమంతా నోరు కూడా తెరవలేదు. మైదానం అంచున కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఒక్కసారి టోపీ తీశాడు. అంతే. సేనాపతులు ఫిరంగులు పెట్టి చేయలేని పని మా తాత విత్తనాల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన టోపీతో చేసి చూపించాడు.

ఇది నా మాట కాదు, నెబ్రాస్కాలో మా జిల్లా మొత్తం చెప్పుకునే మాట. కాస్త పెంచి ఉంటే ఉంటాను. మంగలి మనవణ్ణి, కోయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

తాత పేరు ఆర్విడ్ టోల్లెఫ్సన్. హేల్ క్రీక్ పెద్దవీధిలో దాణా కొట్టు పక్కన ఆయన క్షౌరశాల. కుర్చీ ఒక్కటే. జుట్టు కత్తిరించడానికి పది నిమిషాలు పడితే, కథ ముగియడానికి ముప్పావుగంట పట్టేది. కథ అయ్యేదాకా మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పేవాడు కాదు. ఆవు ఈనుతోందనో, కోత యంత్రం ఆగిపోయిందనో మొత్తుకున్నా సరే, "ఉండవయ్యా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది" అనేవాడు. పైగా ఆయనది నున్నటి బోడితల. తన తలమీద వెంట్రుక నిలుపుకోలేనివాడి చేతికి ఊరంతా తలలు ఎందుకు అప్పగించేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ బోడితల కనపడకుండా దుకాణంలో కూడా టోపీ పెట్టుకునే ఉండేవాడు. చర్చిలో, జాతీయగీతం పాడేటప్పుడు, శవపేటిక ఎదురైనప్పుడు, ఈ మూడు చోట్ల తప్ప నలుగురిలో ఆయన టోపీ దిగేది కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

అంతటి వాగుడుకాయకు దేవుడు వేసిన శిక్ష గొలుసు పని.

బంతిని చేత్తో పట్టుకుని ఉరికే అమెరికా ఫుట్‌బాల్ మాది. అందులో ఒక జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, పోకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలనూ కొలిచేది గొలుసు. గొలుసుకు అటొక కర్ర, ఇటొక కర్ర. వెనక కర్ర తాతది. ముందు కర్ర పందులు పెంచే మిలో ప్రోహాస్కాది. జీతం లేదు, ఆట అయ్యాక రొట్టెలో పెట్టిన సాసేజ్ ఒకటి, కప్పు కాఫీ. కానీ ఆ కర్ర కోసం ఊళ్ళో మగవాళ్ళు ఒకరి చావు కోసం ఒకరు ఎదురుచూసేవాళ్ళు. ఒకసారి చేతికొచ్చిన కర్రను మోకాళ్ళు పనిచేసినన్నాళ్ళూ ఎవడూ వదలడు.

చిక్కల్లా ఏమిటంటే, గొలుసువాళ్ళు మన ఊరివాళ్ళే అయినా నిలబడేది మాత్రం అవతలి జట్టు బెంచీ పక్కన. కేక వేయకూడదు. చప్పట్లు కొట్టకూడదు. ఊదారంగు మా జట్టుది కాబట్టి ఒంటిమీద ఊదా పోగు ఉండకూడదు. ఊరంతా ఎదుటి గట్టున గంటలు మోగిస్తూ గంతులు వేస్తుంటే, తాత ఇవతలి గట్టున శత్రువుల మధ్య కొయ్యబొమ్మలా నిలబడాలి. వారమంతా వాగి శనివారం మూడు గంటలు మౌనవ్రతం. "నా పెళ్ళైన నాటినుంచి నాకు దొరికిన విశ్రాంతి అదొక్కటే" అనేది లవాన్ నాయనమ్మ.

నాయనమ్మ మాత్రం వదిన దగ్గర లాక్కొచ్చిన ఆవు మెడగంట ఒకటి, పక్షుల్ని చూసే దుర్భిణి ఒకటి పట్టుకుని ఎదుటి గట్టున మూడో వరసలో కూర్చునేది. గంట ఆటకు, దుర్భిణి మొగుడికి.

మా జట్టు పేరు కంచరగాడిదలు. ఊళ్ళో దాన్ని తిట్టుగా తీసుకునేవాడు లేడు. పెళ్ళి కేకు మీద కూడా ఊదారంగు గాడిదను పెట్టించుకునే జనం మాది. అయితే ఆ గాడిదలు గెలవడం మానేసి చాలా కాలమైంది. అంతకుముందు ఏడాది గెలిచింది రెండే ఆటలు, అందులో ఒకటి అవతలివాళ్ళ బస్సు మంచులో కూరుకుపోయి రాకపోవడం వల్ల.

ఆ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు, డెల్ రైన్‌హార్ట్. పగలు కాలేజీలో రేఖాగణితం చెప్పి సాయంత్రం కుర్రాళ్ళను ఉరికించేవాడు. పెళ్ళి కాలేదు. తాతవాళ్ళ మేడమీద గది అద్దెకు తీసుకుని నాయనమ్మ చేతి వంట తిని బతికేవాడు. ఆయన జట్టుకు కొత్త ఎత్తులేవో నేర్పాడంటారు. నాయనమ్మ మాత్రం, "ఏం ఎత్తులు? నేను వండిన మాంసం, బంగాళాదుంపల పళ్ళెం తిన్నాక మనిషికి బుర్ర పనిచేసింది" అంటుంది.

సొంతూళ్ళో ఆడిన మొదటి ఆటలోనే వింత జరిగింది. రూడీ వాసెక్ అని గాదెలాంటి కుర్రాడు, అడ్డం నిలబడటం తప్ప వేరే పని తెలియనివాడు, కిందపడిన బంతిని ఎత్తుకుని పరుగు పెట్టాడు. వాడు పరుగెత్తగా అంతకుముందు ఎవరూ చూడలేదు, వాళ్ళమ్మతో సహా. తాత ముందునుంచి దడదడమంటూ పోతున్నాడు. తాత తట్టుకోలేకపోయాడు.

"పరిగెత్తరా గాడిదా! పరిగెత్తు!" అని అరిచాడు.

ఆట గెలిచారు. కానీ పెద్ద రెఫరీ క్లెమ్ ఓడెల్ ఈల నోట్లోంచి తీసి తాత దగ్గరికి నడిచి వచ్చాడు. నిలువెత్తు తాటిచెట్టు లాంటి మనిషి, నవ్వితే చొక్కా నలుగుతుందనుకునే రకం.

"టోల్లెఫ్సన్, ఎవరినయ్యా గాడిద అన్నావు?"

"జట్టు పేరు కదండీ..."

"జట్టు పేరే. అందుకే తప్పు. ఈ గట్టుమీద నీకు జట్టు లేదు. ఇంకోసారి నీ నోరు పెగిలిందా, సైగ చేశావా, ఆ కర్ర వేరేవాడి చేతిలో ఉంటుంది. తెలిసిందా?"

"తెలిసింది."

"మాట్లాడొద్దన్నానా? తలూపు."

తాత తలూపాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. పాతికేళ్ళుగా పట్టుకున్న కర్ర. కర్ర పోతే శనివారాలు ఏం చేస్తాడు? నాయనమ్మ పక్కన మూడో వరసలో కూర్చుని ఆ గంట మోత వింటాడా? "దానికంటే చెవుడు నయం" అని మిలోతో అన్నాడు.

ఉపాయం నాయనమ్మే చెప్పింది. క్రిస్‌మస్‌కు చేసే పాకం బిళ్ళలు ఆ ఏడు సెప్టెంబరులోనే చేసింది. వెన్న, మీగడ, పంచదార కలిపి ముదురు పాకం పట్టి కోసిన బిళ్ళలు. ఒకటి నోట్లో వేసుకుంటే పై దవడా కింది దవడా పెళ్ళి చేసుకుంటాయి, విడాకులకు పావుగంట పడుతుంది. తాత ప్రతి ఆటకూ జేబునిండా పోసుకుని వెళ్ళి, మా వాళ్ళ చేతికి బంతి రాగానే ఒకటి దవడకు పెట్టుకునేవాడు. గాడిదలు గెలుస్తూ పోయారు. తాత పళ్ళు ఊడుతూ పోయాయి. ఆ ఏడాది మొత్తం మీద మూడు విజయాలకు ఒక పన్ను చొప్పున పోయిందని ఊళ్ళో లెక్క, ఆయన మాత్రం అవి ముందునుంచే కదులుతున్నాయంటాడు.

నవంబరు వచ్చింది. మొక్కజొన్న కోతలు అయిపోయాయి, ఉత్తరపు గాలి మొదలైంది. ఇంకొక్క ఆట మిగిలింది. వెస్ట్‌బరీ కాలేజీ డేగలు మా ఊరికి వస్తున్నారు. వాళ్ళూ ఓడలేదు, మేమూ ఓడలేదు. గెలిచినవాళ్ళదే కప్పు.

ఆ వారం దుకాణం కిటకిటలాడింది. జుట్టున్నవాడూ లేనివాడూ వచ్చి కూర్చున్నారు. పోస్ట్‌మన్ లాయిడ్ కుర్చీ ఎక్కి మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆర్విడ్, పోయినసారి వెస్ట్‌బరీవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ కోచ్ పక్కనే నిలబడ్డావుగా. ఏమేం మాట్లాడుకునేవాళ్ళు?"

"తల వంచు."

"ఒక్క ముక్క చెప్పరాదూ. మన ఊరి కోసం."

"చెవి కావాలా, వద్దా?"

లాయిడ్ రెండు చెవులూ మూసుకున్నాడు. ఇది తాతలో ఉన్న వింత. పాస్టరుగారిది విగ్గు అని బయటపెట్టింది ఆయనే. లాయిడ్ తన కుక్కకు భయపడతాడని చెప్పింది ఆయనే. కానీ ఆ గట్టుమీద విన్న మాట మాత్రం ఒక్కటి కూడా ఎప్పుడూ ఇటు గట్టుకు మోసుకురాలేదు. అవతలి కోచ్ ఎత్తులు, తిట్లు, ఏడ్చిన కుర్రాడి పేరు, ఏదీ. అడిగితే, "అక్కడ విన్నది అక్కడే సున్నం గీత కింద పాతిపెట్టి వస్తాను" అనేవాడు.

నాయనమ్మకు ఇదే మంట. "ఏమయ్యా ఆర్విడ్, ముప్పై ఏళ్ళ కాపురం. నీ కడుపులో ఏముందో ఊరందరికీ చెబుతావు. నాకు ఆ ఒక్కటి చెప్పలేవా?"

"ఏముంది చెప్పడానికి?"

"చెప్పకపోతే మానె. నీ మొహం నాకు దినపత్రిక. నువ్వు నోరు మూసుకున్నా నేను చదువుకుంటాను."

"అయితే వార్తలు నువ్వే చెప్పు. నన్నెందుకు అడగడం?"

ఆ చలికి తాత బోడితల గడ్డకట్టుకుపోతుందని నాయనమ్మ ఆ వారమే మిలో చెల్లెలి గొర్రెల ఉన్ని తెచ్చింది. కూర్చుని అల్లి, పాత టోపీ లోపల అస్తరులా కుట్టింది. జన్మలో ఆమె అల్లినది అదొక్కటే. కుట్లు ఊడిపోతాయేమోనని మూడు వరసలు వేసింది.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది."

నాయనమ్మ పొంగిపోయింది. "మీరంతా వినండి, ముప్పావుగంటకు తక్కువ మాట్లాడని మనిషి ఒక్క మాటలో తేల్చాడంటే ఎంత నచ్చిందో చూడండి!" అని చర్చి ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆ వారమంతా దుకాణంలో సన్న దువ్వెన ఒకటి తాత టోపీ కిందికి వెళ్ళి వస్తూ ఉండేది. పెద్ద ఆట దగ్గర పడింది కదా, దీర్ఘాలోచనలో ఉన్నాడు పాపం అనుకున్నారు జనం.

శనివారం వచ్చింది. ఆ రోజు హేల్ క్రీక్‌లో దొంగ దిగి ఉంటే ఊరు ఊరంతా మోసుకుపోయి ఉండేవాడు. ఒక్క ఇంట్లో మనిషి లేడు. బ్యాంకు మూసేశారు, పాలు పిండటం ముందే కానిచ్చారు, పాస్టరుగారు గాలికి విగ్గు మీద ఉన్ని శాలువా కట్టుకుని వచ్చారు.

వెస్ట్‌బరీ కోచ్ బక్ స్టాడ్‌మన్ ఎద్దులాంటి మనిషి. గొంతు ఇంకా పెద్ద ఎద్దుది. తాతను చూడగానే, "ఏయ్ కర్ర ముసలోడా, నా కాళ్ళకు అడ్డం పడకు. నీ గొలుసు కుక్కకు కట్టుకో" అన్నాడు. తాత దగ్గర దానికి తగిన జవాబులు ఏడో ఎనిమిదో సిద్ధంగా ఉన్నాయి. పాకం బిళ్ళ వేసుకున్నాడు.

ఆట హోరాహోరీగా సాగింది. ఆట చివరి పావు భాగానికి వచ్చేసరికి గాడిదలు నాలుగు పాయింట్లు ముందున్నారు. ఇంకా ఐదారు నిమిషాలు ఉందనగా బంతి డేగల చేతిలో, మైదానం నడుమ. మూడు ప్రయత్నాలు అయిపోయాయి. పది గజాలకు ఇంకా మూడు గజాలు తక్కువ. అలాంటప్పుడు బుద్ధున్నవాడు ఎవడైనా బంతిని కాలితో దూరంగా తన్నేస్తాడు, అవతలివాళ్ళు వాళ్ళ గడప దగ్గర్నుంచి మొదలుపెట్టుకోవాలి. డేగలు తన్నడానికే వరసగా నిలబడుతున్నారు.

తాతకు మూడడుగుల దూరంలో స్టాడ్‌మన్ ఒక కుర్రాడి మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో అన్నాడు. ఎద్దు గుసగుసలాడితే గుసగుసా అది?

"తన్నినట్టు నిలబడండి, అంతే. బంతి నీ చేతికొస్తుంది. కుడివైపు పరిగెత్తు. ఈ గాడిదలు ఆకాశంలోకి చూస్తూ ఉంటారు."

తాత విన్నాడు. స్పష్టంగా, అక్షరం పొల్లు పోకుండా విన్నాడు.

అటు చూస్తే గాడిదలు నిజంగానే వెనక్కి వెనక్కి పోతున్నారు, బంతి ఎగిరి వస్తుందని. ఆ మూడు గజాలూ ఇప్పుడు డేగలకు దొరికాయంటే ఇక వాళ్ళను ఆపేవాడు లేడు. కప్పు పోయినట్టే. ఇక్కడినుంచి ఒక్క కేక వేస్తే చాలు. దవడలు పాకంతో అతుక్కున్నాయి. ఎదురుగా ఓడెల్ ఈల పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో పాతికేళ్ళ కర్ర. తాత మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత మా జట్టు రంగుకు తిరిగింది. అప్పుడు, ముక్కు నుంచి కారినది గడ్డకట్టే ఆ చలిలో, తాత టోపీ తీశాడు.

అటు గట్టున మూడో వరసలో దుర్భిణి ఆగిపోయింది.

"లాయిడ్!" అంది నాయనమ్మ. "ఆర్విడ్ టోపీ తీశాడు!"

"తీస్తే?"

"పాట లేదు, ప్రార్థన లేదు. ఎవరైనా చచ్చిపోయారా?"

"కనపడటం లేదే."

"మరి ఎందుకు తీశాడు? ఆయనేదో విన్నాడు! నోట్లోంచి రాలేక నెత్తిలోంచి వస్తోంది!"

లాయిడ్ ఏదో అనేలోపే ఆమె గంట పట్టుకుని మెట్లు దిగింది. అరవయ్యేళ్ళకు దగ్గరపడ్డ మనిషి, ఆ రోజు దిగిన వేగం చూసి రూడీ వాళ్ళమ్మ, "నా కొడుకు బదులు ఈవిడ్ని ఆడిస్తే పోయేది" అందట. కటకటాల దగ్గరికి వచ్చి కోచ్ వీపు వెనక ఢణఢణా గంట కొట్టింది.

"డెల్! ఒరే డెల్! వాళ్ళు తన్నరు!"

"లవాన్ గారూ, ఆట జరుగుతోందండీ..."

"జరుగుతోందని నాకు కనపడటం లేదా? నీకు చెబుతున్నాను, వాళ్ళు తన్నరు. వెనక్కి పోయినవాళ్ళను ముందుకు పిలువు!"

"మీకెలా తెలుసు?"

"నా మొగుడు నాకు తెలుసు. పిలుస్తావా, రాత్రికి రొట్టెముక్క కూడా లేకుండా పడుకుంటావా?"

రేఖాగణితం మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు. పైన గది, కింద వంటిల్లు, రెండిటికీ మధ్య మెట్లు. చేతులు ఊపి కుర్రాళ్ళను ముందుకు పిలిచాడు.

బంతి వచ్చింది. డేగలవాడు తన్నలేదు. కుడివైపు పరుగందుకున్నాడు. ఆకాశంలోకి చూస్తూ ఉండాల్సిన రూడీ వాసెక్ తిన్నగా వాడి మొహంలోకి చూస్తూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. గాదె మీదికి పిచ్చుక ఎగిరినట్టయింది. ఇద్దరూ కూలబడ్డారు. బంతి ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియలేదు.

ఓడెల్ ఈల ఊదాడు. "గొలుసు తీసుకురండి!"

తాత వెనక కర్ర, మిలో ముందు కర్ర, మధ్య గొలుసు వేలాడుతూ నడిచి వచ్చారు. తాత టోపీ మళ్ళీ తలమీదికి వచ్చేసింది. తన కర్రను గీతమీద ఆనించి పట్టుకున్నాడు. ఊరంతా ఆ చేతివైపే చూస్తోంది. ఒక్క బెత్తెడు జరిపితే కప్పు మనదేనని ప్రతివాడి కడుపులోనూ ఉంది, నోరు విప్పి అనే ధైర్యం ఎవడికీ లేదు. తాత కళ్ళు మూసుకుని కర్రను పాతిన స్తంభంలా పట్టుకున్నాడు. మిలో గొలుసు బిగలాగాడు. ఓడెల్ వంగి చూశాడు. బంతి ముక్కుకీ మిలో కర్రకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ.

డేగలకు అందలేదు. బంతి గాడిదలది. ఉన్న నిమిషాలు గాడిదలు బంతిని పసిపిల్లలా గుండెకు హత్తుకుని గడిపేశారు. ఆట అయిపోయింది. జనం కంచె దూకి పొంగి వచ్చేశారు. పాస్టరుగారి శాలువా జారిందనీ, దానితోపాటు మిగతాది కూడా జారిందనీ అంటారు. తాత మాత్రం కర్ర పట్టుకుని గట్టుమీదే నిలబడి ఉన్నాడు. పాకం ఇంకా వదల్లేదు.

స్టాడ్‌మన్ రంకె వేస్తూ ఓడెల్ దగ్గరికి వచ్చాడు.

"ఈ కర్ర ముసలోడు సైగ చేశాడు! నా మాట విని టోపీ తీసి వాళ్ళావిడకు చూపించాడు. ఆవిడ గంట కొట్టింది. నేను ఊరుకోను!"

ఓడెల్ తాతవైపు తిరిగాడు. "టోల్లెఫ్సన్, టోపీ ఎందుకు తీశావు?"

తాత నోరు తెరవబోయాడు. రాలేదు. ఈలోగా నాయనమ్మ గంట చంకలో పెట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. పక్కింటివాళ్ళు, మిలో, లాయిడ్, ఊరు ఊరంతా చుట్టూ మూగింది.

"చెప్పు ఆర్విడ్" అంది నాయనమ్మ, కళ్ళు మెరుస్తుండగా. "నా కోసమే తీశావని చెప్పు. కాదు, చెప్పొద్దు. చెప్పకపోయినా నాకు తెలుసు."

తాత దవడలు టక్కుమని విడిపోయాయి. నాయనమ్మవైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడిన తీరు చూశాడు. ఓడెల్‌వైపు తిరిగి, "నేను చెప్పను" అన్నాడు.

"చెప్పకపోతే కర్ర పోవచ్చు."

"పోతే పోనివ్వండి. చెప్పను."

వాగుడుకాయ ఆర్విడ్ నోటినుంచి ఆ మాట విని ఊరు నిశ్చేష్టమైపోయింది. పిడుగు పడి ఉన్నా అంత బెదిరేవాళ్ళు కాదు.

"నేనూ విన్నాను" అన్నాడు మిలో, పక్కనుంచి. "ఆ గుసగుస మా దొడ్డిదాకా వినపడి ఉంటుంది. నా మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేదే?"

"నీ మొహం చూసి నీ పందులే ఏమీ కనిపెట్టలేవు" అంది నాయనమ్మ.

ఓడెల్ నవ్వలేదు. గెలుపు గెలుపే, దాన్ని మార్చడం లేదన్నాడు. తాత కర్ర సంగతి మాత్రం వచ్చే ఆగస్టులోగా తేలుస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం హేల్ క్రీక్ రెండు ముక్కలైంది. టోపీ తీయడం సైగేనని, శభాష్ అనీ సగం ఊరు. సైగ కాదు, ఆ మాట లోపల దాచుకోలేక ఒళ్ళు వేడెక్కి తీశాడని మిగతా సగం. దాణా కొట్టులో దీనిమీద ఇద్దరు మాటలు మానుకున్నారు. నాయనమ్మను చర్చి విందుల్లో, పెళ్ళిళ్ళలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆ కథ చెప్పించుకునేవాళ్ళు. "మొగుడి మొహం చదవడం రాని ఆడది కాపురం చేయడం అనవసరం" అని మొదలుపెట్టేది. కోచ్ డెల్ కప్పును కాలేజీలో పెట్టే ముందు వారం రోజులు ఆమె వంటింట్లోనే ఉంచాడు. ఆమె దాన్ని తోమి తోమి సగం మెరుగు అరగదీసింది.

తాత మాత్రం దుకాణానికి వచ్చినవాళ్ళకు వానల గురించి, పందుల ధర గురించి, పాస్టరుగారి కొత్త విగ్గు గురించి ఎప్పటిలా చెప్పేవాడు. టోపీ మాట ఎత్తితే, "తల వంచు" అనేవాడు. శనివారం వస్తే మాత్రం కిటికీలోంచి కాలేజీవైపు చూస్తూ కత్తెర ఊరికే టకటకలాడించేవాడు. మిలో ఒకసారి, "కర్ర తీసేస్తే ఎవరికిస్తారంటావ్?" అని అడిగితే ఆ రోజు దుకాణం మధ్యాహ్నమే కట్టేశాడు.

వసంతంలో ఒక ఉదయం దుకాణం తలుపు తీసుకుని క్లెమ్ ఓడెల్ లోపలికి వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో మంగళ్ళు ఇద్దరున్నారు. అయినా అంత దూరం కారు నడుపుకుని వచ్చాడు.

"జుట్టు కత్తిరించు" అన్నాడు.

తాత మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. చలికాలం సంగతులు చెప్పాడు. మిలో పంది బావిలో పడిన కథ చెప్పాడు. ఆ పందిని పైకి తీసిన కథ వేరుగా చెప్పాడు. ముప్పావుగంట అయింది.

"టోల్లెఫ్సన్, ఆ టోపీ..." అన్నాడు ఓడెల్.

తాత కత్తెర తుడవడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ ఎవరూ లేరు. నువ్వూ నేనే. నిజం చెబితే కర్ర ఉంచుతాను. ఏ నిజమైనా సరే."

తాత వెనక గది తలుపువైపు చూశాడు. తలుపు అవతల వంటింట్లో నాయనమ్మ గిన్నెల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. తాత గుడ్డ విప్పి దులిపాడు.

"అయిపోయిందండీ. మెడమీద కాస్త పౌడరు వేయమంటారా?"

ఓడెల్ లేచి అద్దంలో చూసుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"పాతికేళ్ళ కర్ర కాపాడుకోవడానికి కూడా నోరు విప్పనివాడు, ఒక ఆట కోసం పెళ్ళానికి సైగ చేస్తాడంటే నేను నమ్మను. సెప్టెంబరు మొదటి శనివారం, పన్నెండున్నరకల్లా గట్టుమీద ఉండు. నోరు మూసుకుని."

తాత తలూపాడు. ఓడెల్ వెళ్ళాక నాయనమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి ఆయన బోడితల మీద ముద్దు పెట్టింది. టోపీ మళ్ళీ ఆమే పెట్టింది, ఉన్ని అస్తరు సరిచేసి. తాత కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆనందభాష్పాలు ఆపుకుంటున్నాడని ఆమె అనుకుంది.

ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించేదాకా తాత ఆ కర్ర పట్టుకున్నాడు. గాడిదలు మళ్ళీ ఎప్పుడూ కప్పు గెలవలేదు. నాయనమ్మ ఇప్పటికీ ఆ కథ చెబుతూనే ఉంది, ప్రతిసారీ మెట్లు నాలుగు ఎక్కువ దిగుతుంది. ఆ టోపీ ఇప్పటికీ తాత తలమీదే ఉంది. అస్తరు ఊడలేదు, మూడు వరసల కుట్టు కదా.

ఇదంతా రాసి, మొన్న వసారాలో కూర్చోబెట్టి తాతకు చదివి వినిపించాను. ఆ రోజు నీ మనసులో ఊరు గొప్పదా, మాట గొప్పదా అన్న యుద్ధం జరిగింది కదా తాతా, ఆ వేడికే టోపీ తీశావు కదా, అవునా అని అడిగాను. ఆయన వంటింటి కిటికీవైపు ఒకసారి చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏ యుద్ధమూ లేదు, నీ మొహమూ లేదు. ఆ గొర్రె ఉన్ని దురద పెట్టింది, గోక్కున్నాను. ఈ మాట మీ నాయనమ్మ చెవిన పడిందో, రేపట్నుంచి నీ జుట్టు నువ్వే కత్తిరించుకో."